బానెట్ మీది గీతలు

మామయ్యగారూ,

డ్యూటీకి టైమైపోయింది, గబగబా రాసి ఫ్రిజ్‌కి అంటిస్తున్నాను. ఎదురింటివాళ్లు గోడలు కొట్టిస్తున్నారు కదా, కారు నిండా మళ్లీ సిమెంటు దుమ్మే. ఈసారి పొడిగుడ్డతో మాత్రం ముట్టుకోకండి. ముందు పైపుతో పైనుంచి కిందకి నీళ్లు ధారగా వదలండి, దుమ్ము చాలావరకు దానంతటదే జారిపోతుంది. ఆ తర్వాతే షాంపూ నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడవండి. గుడ్డ జాడించడానికి వేరే బకెట్ పెట్టాను. అద్దం పక్కన పిట్ట రెట్ట ఎండిపోయి ఉంది. గోరుతో గీకొద్దు, తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే నాని అదే ఊడొస్తుంది. ఎండ ఎక్కకముందే కానిచ్చేయండి.

ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మీకు నేను చెప్పాలా అనుకుంటారేమో. బస్సు మొరటుది, ఏ గుడ్డనైనా ఓర్చుకుంది. ఈ కారు వట్టి సుకుమారం.

ఇంకోటి. మీ పాత తువ్వాలు వాషింగ్ మెషిన్ వెనక దొరికింది. దాన్ని అలా దాచేయాలా? బానెట్ మీద గీతలు మొన్ననే చూశాను. అప్పట్నుంచి మీరు కారు వైపు తలెత్తి చూడటం లేదు, భోజనం కూడా సరిగ్గా చేయడం లేదు. నాకు చెప్తే కొరుక్కు తింటానా?

మీ కోడలు

రాయడం మర్చిపోయాను. ఆ గీతలు నావల్లే పడ్డాయని మీ అబ్బాయికి నిన్ననే చెప్పేశాను. అరగంట క్లాసు పీకారు. మీరిప్పుడు వెళ్లి నిజం చెప్పి, నేను తిన్న తిట్లు దండగ చేయకండి.