పాటలో వదిలిన ఖాళీ

ఆదివారం, రాత్రి

ఈరోజు ఆగిరిపల్లిలో, స్కా అనే జమైకా గంతుల సంగీతం వాయించే మా బ్యాండ్ ప్రోగ్రాం. కార్బైడ్ పొడితో మామిడికాయలు మగ్గబెట్టే వాళ్ళ మీద రాసుకున్న పాట అందుకోగానే కోత కూలీలంతా లేచి గంతులేశారు. "పొడి చల్లిందెవరు?" అని పాడి మా గాయని సుధ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఖాళీలో నా ట్రంపెట్ మోగాలి. ఇవాళ ఊపిరందక ఆలస్యం చేశాను. వెనకనుంచి ఎవరో "మా షావుకారే!" అని అరిచారు. తర్వాత ప్రతిసారీ జనమంతా అదే అరిచారు, దరువు తప్పకుండా.

షావుకారు ముందు వరుసలోనే ఉన్నాడు. నవ్వుతూ కాలితో తాళం వేస్తూనే ఉన్నాడు. అయిపోయాక నా దగ్గరికొచ్చి, "బాగా వాయించావమ్మా. మీ నాన్న మా తోటలోనే కదా కాపలా?" అన్నాడు.

"అవునండీ" అన్నాను.

ఇంటికొచ్చినా నాన్నకి చెప్పలేదు. ఇందాక టార్చి తీసుకుని బయల్దేరుతూ ఆయనే అన్నాడు: "షావుకారుగారు ఫోన్ చేశారమ్మా. ఇవాళ్టి నుంచి తోటకి కాదంట, కాయలు మగ్గబెట్టే షెడ్డుకి రమ్మన్నారు. పొడి చల్లడానికి మనిషి కావాలంట."

నాన్నకి అసలే ఆయాసం.

రేపు విస్సన్నపేటలో మళ్ళీ అదే పాట. "పొడి చల్లిందెవరు?" అని సుధ నా వైపు తిరిగి ఆగుతుంది...