ఎడమ రెక్క నేను కోసిందే

నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఉంటున్న రాజారాం భార్యను, నిరోషను. వయసు ఇరవై ఏడు, చదువు ఆరో తరగతి, పని బీడీలు చుట్టడం. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తోనే ఈ వీలునామా రాస్తున్నాను. సోమవారం హైదరాబాదులో నా గుండెకు ఆపరేషన్. బతికి వస్తే ఈ కాగితాన్ని నేనే చింపేస్తాను. రాకపోతే మాక్లూర్‌లో ఉండే మా అన్న మధుకర్ దీన్ని అమలు చేయాలి.

1. నా వెండి పట్టీలు మా ఆడబిడ్డ సంజనకు. రెండుసార్లు అడిగింది, దాచుకున్నానని అబద్ధం చెప్పి ఇవ్వలేదు.

2. నా చాట, కత్తెర మా అత్త అంజవ్వకు. కత్తెర ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది. ఇక నేను వెతకను.

3. బోధన్‌లో ఉండే మా బావ రవీందర్‌కు ఏమీ లేదు. మా ఆయన నాకు తన చిన్న విమానం రెక్క పని అప్పజెప్పిన రోజు ఈయన వాకిట్లో నిలబడి, "బీడీలు సుట్టెటామెతోని ఇమానం జేపిస్తున్నవా తమ్మీ? గది ఎగురది, పొగ ఇడుస్తది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

4. విమానం మా ఆయనది. రెండో ప్రపంచయుద్ధం నాటి స్పిట్‌ఫైర్‌ అనే యుద్ధవిమానానికి చిన్న రూపం. రెక్కల వెడల్పు ఐదడుగులు, బరువు మూడు కిలోలు, రిమోట్‌తో ఎగురుతుంది. దుకాణంలో మోటార్లకు వైండింగ్ చేసి వచ్చాక, రోజూ పతంగుల కాగితం మీద దాని గీతలు గీసుకున్నాడు. మూడేళ్ల పని, ఇంకా ఒక్కసారీ ఎగరలేదు. కుడి రెక్క ఆయన చేశాడు. ఎడమ రెక్క నాది. ఈ కాగితం రాస్తున్నది దాని కోసమే.

రెక్క లోపల పక్కటెముకల్లా పలుచని చెక్కలు ఉంటాయి. బీడీలకు తునికాకు కోసినట్టే రేకు అచ్చు పెట్టి వాటిని కోశాను. ఆకును తడిపితేనే చిట్లకుండా తెగుతుంది. అలవాటు కొద్దీ చెక్కనూ తడిగుడ్డలో చుట్టి ఉంచి, ఆ తడి మీదే కోసి అతికించాను. ఆరాక రెక్క మెలి తిరిగింది. చివర వెనక అంచు వేలెడు మందం పైకి లేచింది. మా ఆయన దాన్ని సమంగా ఉందో లేదోనని అద్దం పలక మీద పెట్టి చూసే ముందు, ఊగకుండా కింద రెండు ఆకుముక్కలు మడిచి పెట్టాను. "సూస్తివా అవ్వా, ఎంత సక్కగ కూసున్నదో" అని ఆయన అత్తను పిలిచి చూపించాడు. బావ మాట నిజమవుతుందని నోరు విప్పలేదు. అలా మెలి తిరిగిన రెక్కతో విమానం లేచీ లేవగానే ఎడమకు తిరగబడి పడుతుంది. పడేటప్పుడూ ముక్కు మీది పంకా కత్తిలా తిరుగుతూనే ఉంటుంది.

5. నా దినాల గురించి. మొన్న మా ఆయన వంటింట్లో అత్తతో, "దానికేమన్న అయితే దినాల నాడు చుట్టాలందరి ముంగట ఇమానం లేపుత. సగం అది జేసిందే" అన్నాడు. "నీ నోట్లె మన్నువడ, గవేం మాటలురా" అని అత్త ఏడ్చింది. నేను గోడ అవతల ఆకు కోస్తున్నాను. ఆ రోజు మా అన్న పిల్లలు, బావ పిల్లలు అందరూ ముందు వరసలోనే నిలబడతారు.

6. విషయం ఇక్కడ రాస్తే చాలనుకున్నాను. కానీ మా వైపు వీలునామా దినాలు అయ్యాకే విప్పుతారు. మా మామది అలాగే విప్పారు. అప్పటికి విమానం లేచి పడిపోయి ఉంటుంది. ఆయనకు ఎదురుగా చెబుదామని నాలుగు రోజులు చూశాను. అన్నం వడ్డిస్తూ ఒకసారి మొదలుపెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

7. అందుకని ఈ మధ్యాహ్నం ఎడమ రెక్కను నా మోకాలి మీద పెట్టి విరిచాను. చెక్కలు కోసిన రేకు అచ్చులు పద్నాలుగూ మా ఆయనకు ఇస్తున్నాను. కొత్త చెక్కను పొడిగానే కోయాలి. ముక్కలు బల్ల మీదే ఉన్నాయి. ఆరింటికి ఆయన దుకాణం నుంచి వస్తాడు. ముక్కల పక్కన కూర్చుని ఉంటాను.

ఇది రాసి, చదువుకుని, ఇద్దరి ఎదుట సంతకం పెట్టాను.

20 నవంబరు 2025, గురువారం, సాయంత్రం ఐదు గంటలు.

(సంతకం) నిరోష

సాక్షులు:
1. లింబయ్య, దర్జీ, కంఠేశ్వర్
2. శంకరమ్మ, పక్కింటామె (వేలిముద్ర)