హాజరీ కిటికీ తాత సంతకం

తుకుం, చంద్రపూర్

లచ్చయ్య తాతకు మనుమరాలు ఉజ్వల దండాలు.

ఇంజినీరింగ్ మూడో ఏడు మాకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే సబ్జెక్టు వచ్చింది. ఎవరి కోసం చేస్తున్నమో వాళ్లను అడిగి, రాయించుకొని, అప్పుడే చెయ్యాలని హరికృష్ణ సార్ పట్టు. ఫోన్ల అడగొద్దట, మాట మారుతదట. నువ్వు గని హాజరీ కిటికీల ముప్పై ఏండ్లు కూసున్నవ్ కదా. గనిలకు దిగినోళ్లను, పైకి ఎక్కినోళ్లను లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ చేస్తున్నం. నీకేం కావాల్నో రాయి. ఆఖర్న నువ్వు సంతకం పెట్టకుంటే నేను, నా జట్టుల ఉన్న చందు, ప్రతీక్ ముగ్గురం ఫెయిలే.

నీ ఉజ్వల

తా.క.: అడిగి రాసుకునుడు అయ్యేదాకా, నలభై రోజులు కంప్యూటర్ ముట్టొద్దన్నడు సార్.

దుర్గాపూర్

బిడ్డ ఉజ్వలకు తాత దీవెనలు.

కంప్యూటర్ ముట్టనిస్తలేరంటే ఏం తప్పు చేసినవ్ బిడ్డా? ఇంత పెద్ద పవర్‌హౌస్ పక్కన పెట్టుకొని కరెంటు లేదంటే నేను నమ్మ. నీ రందితోని అమ్మమ్మ బువ్వ తింటలేదు. నాకేం కావాల్నంటవా? దిగినోడు ఎక్కాలె. అంతే.

లచ్చయ్య

తా.క.: సార్ మనసు కరగనీకి సకినాల డబ్బా పంపుతున్న.

తుకుం

తాతకు దండాలు, కోపంతోనే.

అది శిక్ష కాదు తాతా, ఈ చదువే గట్లుంటది. సకినాలు లంచమనుకొని సార్ నన్ను గంటసేపు నిలబెట్టిండు. పోనీ, నలభై రోజులు దాటినంక అంత తయారుచేసి మొన్న ఆదివారం నీ ముంగట పెడితిమి. మిషన్‌కు కార్డు తగిలిస్తే దిగినట్టు, మళ్ల తగిలిస్తే ఎక్కినట్టు. ‘అందరూ ఎక్కిండ్రు’ అని చూపించింది కూడ. నువ్వేమో చాయ్ తాగి, సంతకం పెట్టకుంట పంపితివి. సోమవారమే గడువు. సొంత మనుమరాల్ని ఫెయిల్ చేస్తవా?

ఉజ్వల

తా.క.: సార్ డబ్బా వాపస్ ఇచ్చిండు. ఖాళీది.

దుర్గాపూర్

బిడ్డా, కోపం చెయ్యకు.

ఆదివారం మీరిచ్చిన కార్డులల్ల నా దోస్తు రాయమల్లుది కూడ నేనే తగిలించిన. ఆయన జాగ నుంచి లేవనే లేదు, నా పక్కన కూసొని చాయ్ తాగుతుండె. నీ మిషన్ అందరూ ఎక్కిండ్రన్నది.

మా కాలంల దిగేటోడు ఇత్తడి బిళ్ల నాకిచ్చి దిగుతుండె, ఎక్కినంక తీసుకపోతుండె. పంతొమ్మిది వందల తొంభై ఆరుల ఒకడు ‘రాయమల్లు ఎనకనే వస్తుండు’ అని ఆయన బిళ్ల కూడ అడిగిండు. మొఖం చూడకనే ఇచ్చిన. అందరూ ఎక్కిండ్రని రాసి సంతకం పెట్టిన. కింద రాయమల్లు కాలు విరిగి పడి ఉన్నడు. గేటు కాడ ఆయన పెండ్లాం ‘మా ఆయన ఏడి’ అని అడిగితేనే వెతికి పైకి తెచ్చిండ్రు. ఆ మాట ఇంకా నా చెవులల్ల ఉన్నది. అప్పటి సంది సంతకమంటే నాకు భయం.

లచ్చయ్య

తా.క.: రాయమల్లు మాత్రం పెట్టుమంటుండు. వాని మాట నేను ఇనను.

తుకుం

తాతకు ఉజ్వల కాళ్లు మొక్కి రాసేది.

నీ ఉత్తరం సార్ క్లాసుల చదివిండు. ‘పన్నెండేండ్ల సంది పిల్లల చుట్టాలంత ప్రేమతోని సంతకాలు పెట్టుకుంట వచ్చిండ్రు. పెట్టనన్న మొదటి మనిషి ఈయన’ అన్నడు సార్. బోర్డు మీద పెద్దగ నీ మాట రాసిండు: దిగినోడు ఎక్కాలె. మాకు ఇంకో వారం ఇచ్చిండు.

తర్వాత హాజరీ తీసిండు. ఆ రోజు క్లాసుకు రాని ప్రతీక్ పేరు పిలవంగనే అలవాటు మీద చందు ‘ప్రెజెంట్ సార్’ అన్నడు. సార్ తలెత్తి చూసిండు. ‘ప్రతీక్ ఇంకా కిందనే ఉన్నడు’ అన్నడు.

అప్పుడు సమజయింది. మూడేండ్ల సంది ఒకరి హాజరీ ఒకరం పలుకుతున్నం, ఆ తప్పు మా కంటికెట్ల కనపడుతది? ఇప్పుడు చేసే కొత్త మిషన్ కార్డుతోని పాటు మొఖం కూడ చూస్తది. ఆదివారం తెస్తం. మనసొప్పితేనే సంతకం పెట్టు.

నీ ఉజ్వల

తా.క.: సార్ మొఖాలు చూసి మళ్ల లెక్కపెట్టిండు. అరవై మందిల ఇరవై రెండు మంది కిందనే ఉన్నరు. వాళ్లను ఎక్కించనీకి నిన్ను రమ్మంటుండు. సకినాలు కూడ తెమ్మన్నడు.