మందు డబ్బా

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ నీ డబ్బాను నరికేశాను.

పత్తికి పురుగుమందు కొట్టాక, ఆ ఖాళీ డబ్బానే బూడిదతో తోమి చేలోకి మంచినీళ్లు పట్టుకెళ్లేవాడివి. గట్టి డబ్బా అని మురిసిపోయేవాడివి. ఆ నీళ్లే నిన్ను చంపాయి.

నేనిప్పుడు మన ఊరి బళ్లో పంతులమ్మను. మందు డబ్బాలు కాలువలో కడగొద్దని, చిల్లులు పొడిచి పాతిపెట్టాలని ఇంట్లో చెప్పమంటూ ఇవాళ పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఇంతలో ఆ పిల్లల్లోనే కూర్చున్న బాబాయి కూతురు మజ్జిగ తాగబోయింది. చేతిలో నీ డబ్బా! మేకుతో నువ్వు గీసుకున్న పేరు కూడా ఉంది. లాక్కుని పారబోశాను. అది ఏడుస్తూ పరుగెత్తి, చేలో కంప నరుకుతున్న బాబాయిని తీసుకొచ్చింది.

"ఏమే, నాలుగు ముక్కలు చదివితే నా బిడ్డ నోటికాడిది నేలపాలు చేస్తావా?" అంటూ చెంప పగలగొట్టాడు.

ఆయన చేతిలో గొడ్డలి లాక్కుని డబ్బాను రెండుగా చీల్చాను. అడుగు అతుకులో మందు ఇంకా తెల్లగా పేరుకుని ఉంది. కంపు గుప్పుమంది. బాబాయి వంగి ఆ అతుకును చూశాడు.

"అన్న పోయాక మంచి డబ్బా గదాని నేనే తెచ్చుకున్నానే... ఇవాళే మొదటిసారి వాడకానికి తీశాం" అన్నాడు.

చెంప ఇంకా మండుతోంది నాన్నా. పిల్ల మాత్రం ఒక్క గుక్కయినా తాగలేదు.