పసుపు గోదాము తలుపు దగ్గర

బాపూ,

నువ్వు పోయి నేటికి ఆరేళ్లు. ఆర్మూర్‌లో నువ్వు పసుపు బస్తాలు మోసిన గోదాముకే ఈ ఉదయం వెళ్లాను. పురుగుకు పెట్టిన మందుబిళ్లల గ్యాస్ పోయిందో లేదో ఆ రోజు నువ్వు వాసన చూసే చెప్పావు. పోయిందనుకొని ముందు నువ్వే లోపలికి నడిచావు. నీతో హమాలీ చేసిన యూసుఫ్ చాచా నిన్ను బయటికి మోసుకొచ్చాడు.

మా ల్యాబ్‌లో పల్చటి ప్లాస్టిక్ రేకు మీద జింక్ ఆక్సైడ్‌ను కంటికి ఆననంత సన్నటి కడ్డీలుగా పెంచుతాం. గ్యాస్ తగిలితే అందులో పారే కరెంటు మారుతుంది. ఖర్చు తక్కువే. వంగే రేకు కాబట్టి తలుపు కింది సందులోంచి లోపలికి తోశాను. దానికి తీగతో కలిపిన, బయట నా చేతిలోని చిన్న బల్బు ఎర్రగా వెలిగింది. అంటే ఈసారి పెట్టిన మందుబిళ్లల గ్యాస్ ఇంకా లోపలే ఉంది.

చాచా సందు దగ్గర వాసన చూసి, "ఏం వాసన లేదు బిడ్డా, గిది ఖరాబైనట్టుంది" అన్నాడు.

"ఖరాబు కాలే చాచా. జర ఆగుండ్రి."

గ్యాస్ పోయేందుకు పై కిటికీలు తెరిచి, హమాలీలంతా బయటే కూర్చున్నారు. మధ్యాహ్నానికి బల్బు ఆరిపోయింది. అందరూ లేచారు, చాచా లేవలేదు.

"ఇంకో గంట కూసుందాం. గా దినం మీ బాపును తొందరవెట్టింది నేనే బిడ్డా" అన్నాడు.

ఆ సంగతి నాకు ఇంతవరకూ తెలియదు. ఆయన పక్కనే గంటసేపు కూర్చున్నాను.