మారిట్ మేడం అడిగిన చెయ్యి

సులై క్యాంపు, రియాద్
శుక్రవారం

నా మీద అలిగి మూడు రోజులుగా ఫోన్ ఎత్తని స్వర్ణకి,

అక్షరాలు చూసి ఎవడో దొంగ ఉత్తరం రాశాడనుకోకు. రాసింది నేనే, నీ రాజేశాన్నే. కోడి కెలికినట్టు ఎందుకున్నాయో చివర్లో చెప్తాను. ముందే చివరికి పోయి చదివావంటే నా మీద ఒట్టే.

ఫోన్లో చెబుదామంటే నువ్వు ఎత్తవు. ఎత్తినా నా మొహం చూడగానే "మళ్ల ఏం ఏషాలేస్తున్నవ్?" అంటావు. ఇరవై మూడేళ్ల కాపురంలో నీకు చెప్పిన నిజాలకంటే నిన్ను ఏడిపించిన మాటలే ఎక్కువ, ఒప్పుకుంటాను. అందుకే కాగితం. నాగేందర్ పది రోజుల చుట్టీ మీద ఇంటికొస్తున్నాడు. వాడి పెట్టెలో ఖర్జూరాల కింద దాచి పంపుతున్నాను.

మంగళవారం వీడియోలో భాగ్య అన్నం తింటోంది. ఎడమ చేతికి గుడ్డ కట్టి ఉంది. దెబ్బ తగిలిందా బిడ్డా అని అడిగాను. "దెబ్బ గాదు బాపూ, ఈ చెయ్యి వాడొద్దని అమ్మ కట్టింది" అంది. ఆరేళ్ల పిల్ల ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, అది తనది కానట్టు. నేను అరిచాను. నువ్వు ఫోన్ కట్ చేశావు. అరిచినందుకు తప్పయిందని మాత్రం అనను స్వర్ణా. ఆ గుడ్డ ఊడేదాకా అరుస్తూనే ఉంటాను.

ఇప్పుడు నీకు ఒకామె సంగతి చెప్పాలి. అసలే కోపంలో ఉన్నావు కాబట్టి ముందు వయసు చెప్తున్నాను, అరవై ఒకటి. పేరు మారిట్. హాలెండ్ దేశంలో టేబుల్ టెన్నిస్‌లో ఐదుసార్లు చాంపియన్. భర్త ఇక్కడ ఇంజినీరు. నేను ఏసీలు చూసే విల్లాల కాంపౌండులోనే ఉంటారు.

రంజాన్ అయిపోయిన వారం, ఆటల హాల్లో నిచ్చెనెక్కి ఏసీ విప్పుతున్నాను. కింద ఈమె ఒక్కతే ఆడుతోంది, బంతులు ఉమ్మే మిషనుతో. ఒక బంతి దొర్లుకుంటూ నా నిచ్చెన కాడికి వచ్చింది. నా సంగతి నీకు తెలుసు కదా, ఊరుకోను. దిగి, బెంచీ మీదున్న బ్యాటు తీసుకుని, ఆమె అటు తిరగ్గానే బల్ల మీదికి ఒక్కటి ఇచ్చాను. క్యాంపులో పాత తలుపును రెండు డ్రమ్ముల మీద వేసి ఎనిమిదేళ్లుగా ఆడుతున్న చెయ్యి. బంతి ఆమె చెవి పక్క నుంచి పోయింది. ఆమె గిర్రున తిరిగి ఇంగ్లీషులో ఏదో గట్టిగా అంది. ఇక నాకు ఎగ్జిటే, పని పీకి ఇంటికి పంపేస్తారు అనుకున్నాను.

హాలు చూసుకునే మహబూబ్ సుభాని, మన కడప మనిషి, కౌంటర్లోంచి పరిగెత్తుకొచ్చాడు. "యో రాజేశమన్నా, నీకేమన్నా మతి పోయిందా? ఇంగొకసారి కొట్టమంటాంది ఆమె. ఎడమ చేత్తోనే కొట్టమంటాంది!"

నలభై ఏడేళ్లొచ్చాయి నాకు. ఎడమ చేత్తోనే అన్న మనిషిని మొదటిసారి చూశాను.

ఆమె పెద్ద వయసు వాళ్ల ప్రపంచ పోటీకి పోతోంది. బెల్జియం ఆమె ఒకతి ఎడమ చేతిది, ఈమెను రెండుసార్లు ఓడించింది. ఎడమ చేతి బంతి వచ్చే దారే వేరట. దానికి అలవాటు పడాలంటే ఎడమ చేతి మనిషి కావాలి. మేనేజరేమో లేబర్‌కు హాల్లో పనేంటన్నాడు. మేడం నవ్వి ఊరుకుంది. మరునాటి నుంచి సాయంత్రం ఐదవగానే ఫోన్ చేసేది, హాల్లో ఏసీ చల్లగా లేదు, మెకానిక్‌ను పంపండి అని. ఎనిమిది వారాల్లో ఆ ఏసీ ముప్పై రెండు సార్లు చెడిపోయింది. రియాద్ మొత్తంలో అంత రోగిష్టి ఏసీ ఇంకోటి లేదు. నాకంటే పెద్ద దొంగ ఈమె, ఏమనుకున్నావు!

ఆటలో మాత్రం వేషాలు కుదరవు. బంతి అనుకోకుండా వలకు తగిలి అవతల పడితే పాయింటు మనదే, కానీ చెయ్యెత్తాలి, ఇది నా గొప్ప కాదు అని. మొదటి రోజు అట్లా పడ్డ పాయింటుకు నేను ఎగిరి గంతేశాను. ఆమె బ్యాటు కింద పెట్టి నిలబడింది. "చెయ్యెత్తే దాకా ఆడదంట అన్నా" అన్నాడు సుభాని. రెండు చేతులూ ఒక కాలూ ఎత్తాను. నవ్వలేదు. సరిగ్గా ఎత్తాకే ఆడింది.

చాయ్ తాగేటప్పుడు ఆమె తన సంగతులు చెప్పేది, సుభాని నాకు తెలుగు చేసేవాడు. వాళ్ల నాన్నది సైకిళ్ల దుకాణం. దాని వెనక గదిలో బల్ల వేసుకుని నేర్చుకుంది. ఆ రోజుల్లో బ్యాటుకు రెండు వైపులా ఒకే రంగు రబ్బరు ఉండొచ్చు. ఈమె రెండూ నలుపే వేయించింది. ఒకటి నున్నగా ఉంటుంది, బంతిని తిప్పుతుంది. ఇంకోటి మొటిమల రబ్బరు, ఆ తిప్పుడును చంపేస్తుంది. బల్ల కింద బ్యాటు తిప్పేసి కొట్టేది. ఏ వైపు తగిలిందో అవతలి వాళ్లకు తెలిసేది కాదు. పదిహేడేళ్లకే పెద్ద పెద్దవాళ్లను ఏడిపించిందంట. అప్పుడు కొత్త రూలొచ్చింది, రెండు వైపులా రెండు రంగులుండాలని. ఈమె పని అయిపోయిందని పేపర్లు రాశాయి. ఇన్నాళ్లూ మోసంతో గెలిచిందన్నారు. రెండేళ్లు ఎవరి చేతుల్లో పడితే వాళ్ల చేతుల్లో ఓడింది.

"మానెయ్యలేదా మేడం?" అని అడిగించాను.

సుభాని ఆమె మాట విని నా వైపు తిరిగాడు. "దాచిపెట్టి కొట్టినానంటిరి కదా, చూసుకోండి, చూపించే కొడతా అనిందంట. ఆ తర్వాతే అన్నా, ఐదుసార్లూ గెలిచింది."

ఆ మాట విన్నాక చాయ్ పక్కన పెట్టి నా ఎడమ చెయ్యి చూసుకున్నాను.

నేను బడి ఎందుకు మానేశానని అడిగితే, సారు సంచిలో ఊసరవెల్లిని వేశానని చెప్పాను కదా, పెళ్లయిన కొత్తలో. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. అది అబద్ధం. ఆరో తరగతిలో కొత్త సారు వచ్చాడు. నేను ఎడమ చేత్తో రాస్తున్నానని నా తువ్వాలతోనే ఆ చేతిని బల్ల కాలికి కట్టేశాడు. ఒంటేలుకు విడువమంటే విడువలేదు. అక్కడే తడిసిపోయాను. నలభై మంది నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, ఏడుపు కనపడకుండా. మరునాడు పోలేదు. ఆనాటి నుంచి రాతా తిండీ కుడి చేత్తోనే. ఆ నవ్వే ఇప్పటిదాకా నవ్వుతున్నాను. నీకు తెలిసిన రాజేశం అదే.

కాబట్టి విను. నా బిడ్డ చేతికి గుడ్డ కట్టే హక్కు నీకు లేదు, బడికి లేదు, దేవుడికీ లేదు. విప్పు.

ఇక అక్షరాల సంగతి. ఈ ఉత్తరం మొత్తం ఎడమ చేత్తో రాశాను. నాలుగు రోజులు పట్టింది. చూపించే రాస్తున్నాను.

నీ రాజేశం


కోరుట్ల
ఆదివారం

భాగ్య వాళ్ల బాపుకు,

ముందు చివరే చదివాను. ఒట్టు నీ మీదే కదా, పడనీ.

ఊసరవెల్లి కథకు నవ్వినందుకు నాకిప్పుడు ఏడుపొస్తోంది. గుడ్డ ఆ మంగళవారమే విప్పేశాను, నువ్వు అరిచిన గంటకే. కానీ ఒక మాట అడుగుతాను. కట్టమన్నది ఎవరు? ఉగాది ముందు, పిల్ల ఎడమ చేత్తో రాస్తోందని బడిలో మేడం అంటోంది, ఏం చెయ్యమంటావని నిన్నే అడిగాను. "కట్టెయ్యి. ఒక్కసారి కడితే జన్మల మళ్ల లేవది" అన్నావు. అని పకపకా నవ్వావు. నీ పక్కనున్న వాళ్లూ నవ్వారు. నేను నవ్వలేదు. మనసొప్పక ఆగి ఆగి మొన్నే కట్టాను. నువ్వు ఏది ఎగతాళికి అంటావో, ఏది నిజానికి అంటావో ఇన్నేళ్లయినా నాకు తెలియదు. బడి సంగతి చెప్పి ఉంటే తెలిసేది. ఎన్నడన్నా చెప్పావా?

ఇప్పుడు భాగ్య పెన్సిల్ తీసుకునే ముందు నా మొహం చూస్తోంది, ఏ చేత్తో తీసుకోవాలని. ఏదైనా సరే తల్లీ అన్నా చూస్తోంది. గుడ్డ నేను విప్పాను. దీన్ని ఎవరు విప్పాలి?

స్వర్ణ

నాగేందర్ తిరిగొస్తున్నాడని అతని చేతికే ఇస్తున్నాను.


సులై క్యాంపు
బుధవారం

స్వర్ణా,

గుర్తొచ్చింది. కంపెనీ బస్సులో నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పక్కనోడు "ఏందే రాజేశన్నా, ఇయ్యాల జోకుల్లేవా?" అన్నాడు. లేవన్నాను.

ఆ మాట నాది కాదు, ఆ సారుది. తువ్వాల ముడేస్తూ అన్నాడు, ఉన్నదున్నట్టు అదే మాట. జోకు చేసేస్తే చచ్చిపోతుందనుకున్నాను. చావలేదు. నా నోట్లోంచి దూకి మూడు వేల కిలోమీటర్లు పోయి పిల్ల మణికట్టుకు చుట్టుకుంది. నీ మీద అరిచాను చూడు, ఆ అరుపు వెనక్కి తీసుకుంటున్నాను. వలకు తగిలిన బంతి నాదే. చెయ్యెత్తుతున్నాను. ఎడమదే.

మారిట్ మేడం పోటీకి పోయి బెల్జియం ఆమెను ఓడించింది, ఐదో గేము దాకా లాగి. మరునాడు ఇంకెవరి మీదో తనూ ఓడింది. "నీ చెయ్యి నాతో వచ్చింది" అని మెసేజ్ పెట్టింది. పోయే ముందు తన పాత బ్యాటు నాకిచ్చింది, రెండు వైపులా నలుపుది. గురువారం ఊరికొస్తున్న మా క్యాంపు బాలన్న చేతికిచ్చి పంపుతున్నాను. పిడి పట్టుకుని చూడు. కత్తెరకు కుడి ఎడమలుంటాయి, దీనికి లేవు. ఎవరు పట్టుకుంటే వాళ్ల చెయ్యే.

నాకు చుట్టీ దొరికింది, వచ్చే నెల పన్నెండున దిగుతున్నాను. మీ తమ్ముడి గృహప్రవేశం భోజనాల బంతిలో భాగ్య పక్కన కూర్చుని ఎడమ చేత్తో తింటాను. ఒకరికి ఇచ్చేటప్పుడు కుడి చెయ్యే, అది మర్యాద, అక్కడైనా ఇక్కడైనా. కానీ నా విస్తరిలో అన్నం నాది. మీ మేనత్త ఏమంటుందో అననీ, గట్టిగానే అననీ. పిల్ల వినాలి. విన్నాక కూడా నేను తింటూనే ఉండటం చూడాలి. బడి మేడంతో కూడా మాట్లాడతాను, నవ్వకుండా. నవ్వకుండా మాట్లాడటం నాకు కొత్త, కొంచెం ప్రాక్టీసు చేస్తున్నాను.

ఒక్క పని చెయ్యి. బ్యాటును భాగ్య ముందు పెట్టి, నువ్వు అటు తిరుగు. పిల్లకు నీ మొహం కనపడొద్దు. ఏ చేత్తో తీసుకుందో నువ్వు చూడకు, నాకు చెప్పకు. నేనొచ్చి బంతి వేస్తాను.

చెయ్యి దించకుండా నిలబడ్డ
నీ రాజేశం