తడి ఇసుక

మేనేజరు గారికి,

మా అన్నయ్యను చంపింది మీరు. విచారణ నివేదికలో "డ్రైవరు నిర్లక్ష్యం" అని రాసింది మీరే, అంతకు ముందు షెడ్డులో ఇసుక ఆరబెట్టే పొయ్యి ఆర్పించిందీ మీరే. బొగ్గు దండగట!

మన న్యారో గేజి ఆవిరి ఇంజను వానలో జారకుండా కొండ దిగాలంటే చక్రాల కింద పొడి ఇసుక రాలాలి. తడి ఇసుకైతే అది రాలే గొట్టంలోనే ముద్దకడుతుంది. ఇది తెలియకుండానే ఆ కుర్చీలో కూర్చున్నారా?

పొయ్యి ఆర్పించాక మా వదినే రోజూ బకెట్టెడు ఇసుక ఇంట్లో మూకుట్లో వేయించి పంపేది. "మీ వదిన చేతిలో కూర మాడుతుంది గానీ ఇసుక మాడదురా" అని అన్నయ్య నాతో అంటే, "మాడినా వంక పెట్టకుండా తింటుంది మీ ఇంజను" అనేది ఆవిడ.

ఆ మంగళవారం ఆమెకు జ్వరం. "పడుకోవే, ఒక్కరోజుకేం కాదు" అని అన్నయ్య తడి ఇసుకే నింపుకుని వెళ్లాడు. వానలో, దిగుడు మీద ఇసుక రాలక ఇంజను పట్టు తప్పి లోయలో పడింది.

మీ నివేదికలోని నిర్లక్ష్యం తనదేనని వదిన నమ్ముతోంది. "నేను లేచుంటే మీ అన్నయ్య బతికేవారు కదయ్యా?" అని అడుగుతోంది. కాదని వందసార్లు చెప్పాను. ఊరందరితో వాదించి గెలిచే నా మాట ఆమె దగ్గర చెల్లడం లేదు. ఆఫీసు కాగితమైతే నమ్ముతుంది.

కాబట్టి ఇవి చెయ్యండి:

నివేదికలో ఆ మాట కొట్టెయ్యండి.

షెడ్డులో పొయ్యి వెలిగించండి.

ఇసుక ఆరబెట్టడం ఆఫీసు పని, డ్రైవరు భార్య పని కాదని రాసి, సంతకం పెట్టి, మా వదినకు పంపండి.